కడప బండ మీద తెల్లబంతి

“వాయిదా అన్నది అబద్ధం బొజ్జన్నా! ఆటలు అయిపోయినాయి!”

హజరత్ వలి మామ మా వాకిట్లోకి పరుగెత్తి రావడం నేనెప్పుడూ చూడలేదు. కుడికాలు ఈడ్చి నడిచే మనిషి ఆయన. ఆ మంగళవారం పొద్దున ఆ కాలు కూడా పరుగెత్తింది. చేతిలో పేపరు చెమటకు తడిసి మెత్తబడింది.

మా నాయన బండ మీద నీళ్లు చల్లి సానరాయితో రుద్దుతున్నాడు. రుద్దడం ఆపకుండానే, “ఏం ఆటలప్పా?” అన్నాడు.

“మద్రాసు ఆటలు! జపానుకు పోయే ఆడోళ్లను ఏరే ఆటలు! మొన్న ఆదివారం అయిపోయినాయి. ఇదో, ఈడ రాసినారంట, క్లబ్బులో సదివి చెప్పినారు. కడప ఓబులమ్మ హాజరు కాలేదు అని!”

నాయన చేతిలో రాయి ఆగింది.

పెరట్లో టక్కు టక్కుమని వినిపిస్తున్న బంతి చప్పుడు కూడా ఆగింది. నా చెల్లెలు ఓబులమ్మ బ్యాటు పట్టుకుని మూల మీదికి వచ్చి నిలబడింది. పద్దెనిమిదేళ్ల పిల్ల. మొహంలో ఏమీ కనబడలేదు. బంతిని మాత్రం పిడికిట్లో పట్టుకుంది, గుడ్డును పట్టుకున్నట్టు.

“నాకు చెప్పింది వాయిదా అని కదా మామా,” అంది.

“నాకూ అదే కదా అమ్మీ చెప్పినారు! మరి ఎవరు చెప్పినారు? ఎవరు?”

అది 1958, ఏప్రిల్ నెల. ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరినీ వేధించిన ప్రశ్న ఈ ఒక్కటే. ఎవరు?

*

ఏషియా ఆటల్లో ఆ ఏడే కొత్తగా టేబుల్ టెన్నిస్ పెట్టారు. మే నెలాఖర్లో టోక్యోలో. ఆడవాళ్ల సింగిల్సు కూడా ఉందని పేపర్లో పడిన రోజు వలీ మామ మా వీధంతా బెల్లం పంచాడు. ఆయన కర్నూల్లో ఆఫీసర్ల క్లబ్బులో మార్కరు. బల్లలు తుడవడం, బంతులు ఏరడం, దొరలకు జోడీ లేకపోతే తానే ఆడడం ఆయన పని. రాజధాని హైదరాబాదుకు ఎగిరిపోయినప్పుడు ఆఫీసర్లూ పోయారు, ఆయన ఉద్యోగమూ పోయింది. మిగిలింది ఒక జత బ్యాట్లు. అవి పట్టుకుని కడప క్లబ్బుకు వచ్చి చేరాడు.

క్లబ్బు బల్ల ముట్టుకోవడానికి బండలు రుద్దేవాడి కూతురికి హక్కు లేదు. ఒక తెల్లవారుజామున వలీ మామ ఓబులమ్మను దొంగతనంగా ఆడించాడు. తెల్లారేసరికి క్లబ్బు సెక్రటరీ శ్రీనివాసులు గారికి కబురు చేరింది. వలీ మామకు చీవాట్లు పడ్డాయి. అప్పుడు మా నాయన ఒక పని చేశాడు. తొమ్మిదడుగులు, అయిదడుగుల కొలత అడిగి తెలుసుకుని రెండు నల్లబండలు తెచ్చి, అతుకు తెలియకుండా చెక్కి, అద్దంలా నున్నగా చేసి, పెరట్లో నాలుగు రాతి స్తంభాల మీద కూచోబెట్టాడు. నడుమ మా అమ్మ పాత చీర అంచు కట్టాం. అదే నెట్టు.

“బండ మీద బంతి ఆగదు అమ్మీ, పాములా జారిపోతాది,” అనేవాడు వలీ మామ. “దీని మీద నిలబడినావంటే చెక్క బల్ల మీద నిన్ను ఎవురూ కదిలించలేరు.”

పొద్దు ఎక్కితే బండ కాలిపోతుంది. అందుకని కోడి కూయకముందే మొదలుపెట్టి, ఎండ ఎక్కేదాకా ఆడేవాళ్లు. బంతి నొక్కుపడితే వేడినీళ్లలో వేసి మళ్లీ గుండ్రంగా చేసుకునేవాళ్లు. జనవరిలో కర్నూలు పోటీల్లో ఓబులమ్మ చెప్పుల్లేని కాళ్లతో కాలేజీ పిల్లలను నలుగురిని వరసగా ఓడించింది. అది చూసిన పెద్దమనిషి ఒకాయన మద్రాసుకు పేరు రాసి పంపాడు. ఏప్రిల్ 27న ఏరే ఆటలు అని ఉత్తరం వచ్చింది. సెక్రటరీ మీద నమ్మకం లేక వలీ మామ మా ఇంటి చిరునామాయే ఇచ్చాడు.

ఆ తర్వాత పద్నాలుగో తేదీన తంతి వచ్చింది.

*

ఆ పొద్దు ఇంట్లో ఉన్నది ముగ్గురం. మా అమ్మ నాగలక్ష్మమ్మ, నేను, మా ఇంటాయన. నాయన క్వారీకి పోయాడు. ఓబులమ్మ ఏటికి గుడ్డలు ఉతకడానికి పోయింది.

తపాలా అయ్యన్న సైకిలు గంట కొట్టి “తంతి!” అన్నాడు. అమ్మ గుండెలు బాదుకుంది. మా వైపు తంతి అంటే సావు కబురే. ఎవరు పోయారో అని మా పెద్దమ్మ పేరు, మేనమామ పేరు, అందరి పేర్లూ ఏకరువు పెట్టి ఏడ్చింది.

మా ఇంటాయన తంతి తీసుకుని చదివాడు. మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది ఆయన ఒక్కడికే. కోసిగి నుంచి ఇల్లరికం వచ్చిన అల్లుడు. సెక్రటరీ గారి బండల డిపోలో గుమాస్తా. ఆ అక్షరాలను ఆయన గడగడా చదివేస్తుంటే నేను పక్కన నిలబడి పొంగిపోయాను. ఇప్పటికీ దానికి నన్ను నేను క్షమించుకోలేదు.

“ఏడవొద్దు అత్తా, ఎవురూ సావలేదు. ఓబులమ్మ ఆటలు నిలిపినారంట. మళ్లీ చెప్పేదాకా రావొద్దంట.”

“అంతేనా? ఇట్లా తే దాన్ని.” అమ్మ తంతి లాక్కుని పొయ్యిలో పెట్టేసింది. “సావు కబురు కాకపోయినా తంతి తంతే. ఇంట్లో ఉంచుకుంటే ఇంకో దాన్ని పిలుస్తాది.”

కాగితం బూడిదైంది. సాక్ష్యం కూడా.

ఇప్పుడు వలీ మామ పేపరు పట్టుకుని వాకిట్లో నిలబడితే, మా ఇంటాయన అరుగు మీంచి లేచి తుండుగుడ్డ దులిపాడు.

“దొంగ తంతి! ఇంకేముంది మామా! సెక్రటరీ కొట్టించినాడు. ఉండిందే నేను సదివినా. మన పిల్ల జపాను పోతే ఆయప్ప కడుపు మండదా?”

నిజమేననిపించింది అందరికీ. పని ఇచ్చిన యజమానినే తిట్టాడంటే ఎంత మంచి అల్లుడు అనుకున్నాడు మా నాయన.

*

క్లబ్బు వరండాలో సెక్రటరీ గారు పడకకుర్చీలో కాళ్లు చాపి కూచున్నారు. పక్కన ఇద్దరు ప్లీడర్లు. మేము మెట్ల కింద నిలబడ్డాం. పైకి రమ్మని ఎవరూ అనలేదు.

“విన్నారా ప్లీడరు గారూ, మన బొజ్జన్న బిడ్డ జపానుకు పోతాదంట. ఆడ కూడా బండలు రుద్దేవాళ్లు కావాలేమో!”

ప్లీడర్లు నవ్వారు. నాయన తల వంచుకున్నాడు. నా ఒళ్లు మండింది.

“నవ్వేదానికి రాలేదు సామీ. దొంగ తంతి ఎవురు కొట్టించినారో అడగను వచ్చినాం,” అన్నాను.

“ఎవరీ అమ్మి? నోరు శానా పెద్దదే.” ఆయన కాళ్లు కిందికి దించాడు. “తంతి కొట్టించాలంటే నీ చెల్లెలు ఎవరో నాకు గుర్తుండాల గదా! నాకు గుర్తుండేంత మనిషా ఆ పిల్ల? పోయి ఆ సాయిబును అడగండి. ఆడించేది ఆయనే, చెడగొట్టేది ఆయనే.”

వలీ మామ ఒక మెట్టు ఎక్కాడు. “నేను చెడగొట్టినానా? నేను?”

“మెట్టు దిగు వలీ. రేపట్నుంచి క్లబ్బుకు రావాకు. విచారణ అయ్యేదాకా నీకు పని లేదు.”

విచారణ అన్న మాట ఉత్తది కాదు. వలీ మామ అప్పటికే మద్రాసుకు మొర పెట్టుకుంటూ తంతి కొట్టాడు. జవాబు వచ్చింది. ఆ ఆటలు నడిపే సంఘం పెద్ద ఒకాయన ఆదివారం బొంబాయి మెయిల్లో కడప మీదుగా పోతున్నాడు. నాలుగు గంటలు దిగి విచారిస్తాడు. తప్పు పిల్లది కాదని తేలితే గురువారం ఇంకొక్క ఆట పెడతారు. ఒక్క జాగా ఖాళీగా ఉంది. తేలకపోతే, చెప్పకుండా ఎగ్గొట్టిందని ఓబులమ్మను రెండేళ్లు ఏ పోటీలకూ రానివ్వరు.

మాకు మిగిలింది అయిదు రోజులు.

*

దారిలో అయ్యన్న ఎదురయ్యాడు. నేను సైకిలుకు అడ్డం నిలబడ్డాను.

“అయ్యన్నా, ఆ తంతి ఎవరు కొట్టించిందో తెలుసుకునే దారి లేదా?”

“తంతి యాడుండాది?”

“కాల్చేసింది మా అమ్మ.”

“అబ్బబ్బ! ఈ ఊర్లో ఇచ్చిన తంతులన్నీ పొయ్యిలోకే!” అయ్యన్న తల కొట్టుకున్నాడు. “మీరు కాలిస్తే మేము కాలుస్తామా తల్లీ? నకలు ఆపీసులో ఉంటాది. ఎవరి పేరున వచ్చిందో వాళ్లు దరకాస్తు పెట్టుకోవాల.”

ఓబులమ్మ దరకాస్తు మీద సంతకం పెట్టింది. శుక్రవారం మధ్యాహ్నం నకలు చేతికి వచ్చింది. రెండే వరసలు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. ఇంటికి తీసుకుపోయి మా ఇంటాయన చేత చదివిద్దామనే నేను అన్నాను. ఓబులమ్మే, “దారిలోనే కదా అక్కా మిషనాసుపత్రి, సంతోషమ్మను అడుగుదాం,” అంది.

నర్సు సంతోషమ్మ చేతులు కడుక్కుని వచ్చి, కిటికీ వెలుతురులో పట్టుకుని చదివింది.

“ఆటలు ముందుకు జరిపినారు. ఏప్రిల్ ఇరవై. పంతొమ్మిదో తేదీకే మద్రాసు చేరాలని ఉంది. పంపింది మద్రాసు నుంచి, సంఘం వాళ్లు.”

“దొంగ తంతి కాదా?” అన్నాను.

“దొంగదెందుకవుతుంది? మద్రాసు ఆపీసు పేరు, టయిము అన్నీ ఉన్నాయి.”

“రావొద్దని యాడా లేదా? మళ్లీ చూడు సంతోషమ్మా. సరిగ్గా చూడు.”

ఆమె మళ్లీ చదివింది. మూడోసారి వేలు పెట్టి ఒక్కో మాటా చదివి తెలుగులో చెప్పింది. తర్వాత కాగితం ఓబులమ్మ చేతికి ఇచ్చింది.

ఆసుపత్రి వరండాలో ఎవరిదో పసిబిడ్డ ఏడుస్తోంది. ఓబులమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టింది.

“ఎండ ఎక్కువుండాది. ఇంటికి పోదాం పా అక్కా.”

అంతే అంది. దారి పొడుగునా నా నీడ పక్కన తన నీడ పడేట్టు నడిచింది.

*

శనివారం మధ్యాహ్నం మా ఇంటాయన అన్నానికి కూచున్నాడు. నేను విస్తరి వేయలేదు. కాగితం వేశాను.

“ఇంకోసారి సదువు.”

ఆయన చూశాడు. చెమట తుడుచుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు చూశాకే నాకు కోపం పూర్తిగా వచ్చింది.

“తెలిసిపోయిందా? సరేలే. మంచికే చేసినా. మా అన్నకు మాట ఇచ్చినా, తిరుపతీ. పెండ్లాం పోయి ఏడాది. ముగ్గురు పిల్లలు. కోసిగిలో వానలు లేక ఊరు ఊరంతా కూలికి పోతాంటే ఆ పిల్లలను చూసేవాళ్లు ఎవురు? ఓబులమ్మ అయితే మన పిల్లే కదా. జేష్ఠంలో ముహూర్తం అన్నాం.”

“ఎవరిని అడిగి అన్నారు?”

“అడిగేదేముండాది? మామ బండల మనిషి. నేను చెప్తే కాదంటాడా?”

“ఓబులమ్మను?”

“ఆడపిల్లను అడుగుతారా యాడన్నా!” నిజంగానే ఆశ్చర్యపోయాడు. “జపాను పోయొచ్చిన పిల్ల కోసిగిలో జొన్నరొట్టె తడుతుందా చెప్పు? పేపర్లో బొమ్మ పడినంక మా అన్నను మొగుడనుకుంటాదా? తెల్లబంతి కొట్టేదానికి అంత రచ్చ ఎందుకు? వారం పోతే అందరూ మర్చిపోతారు.”

“మరి వలీ మామ? ఆయన ఉద్యోగం పీకినారు నీవల్ల.”

“సాయిబుకేమి? ఒంటిమనిషి. ఇంకో ఊరు చూసుకుంటాడు. రేపు విచారణలో తంతి సదివింది వలీ అని నేను చెప్తా. సెక్రటరీతో మాట్లాడినా, ఆయప్పకూ అదే కావాల. నువ్వు, అత్త నోరు మూసుకుంటే చాలు.” గొంతు తగ్గించాడు. “మూసుకోకుంటే నేను ఈ గడపలో ఉండను. మొగుణ్ణి ఊరి ముందర నిలబెట్టినదానివని నిన్ను ఎవురూ గడప తొక్కనియ్యరు. బాగా ఆలోచించుకో. ఇప్పుడు అన్నం పెట్టు.”

నేను పెట్టలేదు. మా అమ్మ పెట్టింది. తలుపు వెనక అంతా విని కూడా పెట్టింది. మారు అన్నం కూడా వడ్డించింది. నెయ్యి వేసింది.

పెరట్లోకి పోతే ఓబులమ్మ ఎండలోనే ఉంది. బండ మీద చెయ్యి పెట్టి చూస్తోంది, ఆడేదానికి చల్లబడిందేమో అని. ఇంకా ఆడాలనే ఉంది ఆ పిల్లకు. తనను ఎవరికో ఇచ్చేశారని తెలియని పిల్ల.

*

ఆదివారం క్లబ్బు హాలు నిండిపోయింది. మద్రాసు పెద్దమనిషి తెల్ల పంచె, నల్ల కోటు. తెలుగు బాగానే మాట్లాడాడు. గడియారం బల్ల మీద పెట్టుకున్నాడు. పక్కన ఒక గుమాస్తా అన్నీ కాగితం మీద రాసుకుంటున్నాడు.

తంతి నకలు చూశాడు. “తంతి సరైనదే, మీ ఇంటికి చేరింది. దాన్ని తప్పుగా చదివి చెప్పినవారు ఎవరు? నాకు కావలసింది అదే.”

మా ఇంటాయన ముందుకు వచ్చాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని.

“సార్, ఆ పొద్దు వలీ సాయిబు మా ఇంట్లో ఉన్న్యాడు. తంతి తీసుకుని సదివింది ఆయనే.”

“అల్లా! అబద్ధం!” వలీ మామ గొంతు పగిలింది. “నాకు అంకెలు తప్ప ఇంగ్లీషు రాదు సాబ్! లెవన్, ట్వెల్వ్, లవ్, అంతే! ఇరవై ఏళ్లు బంతులు ఏరినా, ఒక్క పొద్దు బడికి పోలేదు!”

“ఇరవై ఏళ్లు దొరలతో ఉండి ఇంగ్లీషు రాదంట!” సెక్రటరీ గారు అన్నారు. హాలు నవ్వింది. “పిల్లను తనతోనే ఉంచుకోవాలని చేసుంటాడు సార్. బయటోళ్ల చేతికి పోతే ఈయనకు పేరేముంటాది?”

వలీ మామ చుట్టూ చూశాడు. నవ్వే మొహాలే. ఏడాదిన్నరగా ఆ మొహాలకే ఆయన తువ్వాళ్లు అందించాడు. ఓబులమ్మ పోయి ఆయన పక్కన నిలబడింది.

“ఆ రోజు ఇంట్లో ఇంకెవరున్నారు?” పెద్దమనిషి అడిగాడు.

“మా అత్త, నా భార్య.”

మా అమ్మను పిలిచారు. అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నేను పొయ్యికాడ ఉన్న్యా సామీ. నాకేం తెలీదు.”

“తంతి కాల్చింది మీరే కదమ్మా?”

“కాల్చినా. సదివింది నేను చూడలే.” అమ్మ కూతురి వైపు చూడలేదు. ఇద్దరు కూతుళ్లలో ఎవరి వైపూ చూడలేదు.

నాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన క్వారీలో ఉన్నాడు, చెప్పేదానికి ఏమీ లేదు. చేతులు మాత్రం ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి.

“మీరు చెప్పండమ్మా,” పెద్దమనిషి నా వైపు తిరిగాడు. “మీరు చూశారా?”

“చూసినా.”

నవ్వేవాళ్లు నా వైపు తిరిగారు.

“చదివింది ఈ వలీయేనా?”

“కాదు. వలీ మామ ఆ పొద్దు మా గడప తొక్కలే. సదివింది మా ఇంటాయన. ఉండింది ఒకటి, సదివింది ఒకటి. తెలిసి సదివినాడు. నాతోనే ఒప్పుకున్నాడు.”

“ఏమే!” అని ఆయన అరిచాడు. “మతి పోయిందా నీకు?”

“ఆమెను చెప్పనియ్యి,” పెద్దమనిషి చెయ్యెత్తి, గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా కలం ఎత్తి పట్టుకున్నాడు. “పేరు చెప్పమ్మా. రాసుకోవాలి.”



ఏడేళ్ల కాపురంలో ఆ పేరు నా నోట రాలేదు. మా అమ్మ నోట మా నాయన పేరు రాలేదు, మా అవ్వ నోట మా తాత పేరు రాలేదు. పేరు పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందని పాలతోపాటు తాగిన మాట. ఓట్ల వాళ్లు వస్తే పక్కింటి గుల్షన్ బీ నా తరఫున చెప్పేది. నా చెంప మీద కొట్టినప్పుడు కూడా నేను “యో” అనే అన్నాను.

సెక్రటరీ గారికి ధైర్యం వచ్చింది. “మొగుడి పేరు ఆడది ఎట్లా చెప్తాది సార్? మన ధర్మం కాదు. ఏదో కోపంలో అనేసింది, వదిలేయండి. అమ్మీ, పోయి ఇంట్లో పని చూసుకో పో.”

ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో, “పాపం తగులుతాది తిరుపతమ్మా, వద్దు,” అన్నారు.

“వాళ్లమ్మ చెప్పొచ్చు గదా,” అన్నాడు ఒక ప్లీడరు. అమ్మ నేలకేసి చూస్తోంది.

“చూసినవారే చెప్పాలి,” అన్నాడు పెద్దమనిషి. బల్ల మీద గడియారం చూసుకున్నాడు. “నాకు రైలుంది తల్లీ. పేరు లేని సాక్ష్యం నేను తీసుకుపోలేను. మీరు చెప్పకపోతే, చదివినవారిగా ఇక్కడ రాసి ఉన్న పేరు వలీది ఒక్కటే.”

మా ఇంటాయన నన్నే చూస్తున్నాడు. ఆ మొహంలో భయం లేదు. నేను చెప్పనని ఆయనకు అంత నమ్మకం. ఏడేళ్లుగా నేను వడ్డించిన ప్రతి ముద్దా ఆ నమ్మకంలో ఉంది. అన్నకు నా చెల్లెల్ని ఇస్తానని మాట ఇచ్చినప్పుడూ, వలీ మామ మీద వేలు చూపినప్పుడూ, ఆయన ఆసరా చేసుకున్నది దాన్నే.

నేను చెంగు నడుముకు దోపుకున్నాను. గుమాస్తాకు వినబడేట్టు, మెట్ల కింద నిలబడిన వాళ్లకు కూడా వినబడేట్టు చెప్పాను.

“రాసుకో సామీ. ఉరుకుందప్ప. కోసిగి ఉరుకుందప్ప.”